అశ్వత్థన్న ఏం తింటున్నట్టు?

ఆయన ఇప్పుడు బాగానే ఉన్నాడు. బాగానే అంటే, వారానికి రెండుసార్లు హిందూపురం పోయి నాలుగు గంటలు డయాలసిస్ మిషను పక్కన పడుకుంటాడు, మిగతా రోజుల్లో పెనుకొండలో తన గదిలో తన వంట తాను చేసుకుంటాడు. ఆ జబ్బుకు అంతకంటే బాగుండటం లేదని డాక్టర్లే చెప్పారు. ప్రమాదం దాటింది కాబట్టి, అక్కడిదాకా ఎట్లా పోయామో రాస్తున్నాను. కిడ్నీ జబ్బు మనిషిని చూసుకుంటున్నవాళ్ళు ఎవరైనా ఇది చదివి, లేచి తమ వంటింట్లోకి ఒకసారి పోతే నా శ్రమ ఫలించినట్టే.

నేను ధర్మవరంలో పట్టుచీరల అంచులకు గ్రాఫు గీస్తాను. నెమలి మెడ ఎన్ని పోగుల్లో తిరగాలి, తోక మగ్గం మీది ఎన్ని చిల్లుల అట్టల్లో ముగియాలి, అదంతా లెక్క కట్టి కాగితం మీద గళ్ళలో వేసి ఇస్తే మగ్గం వాళ్ళు దాన్నిబట్టి నేస్తారు. తొమ్మిదో తరగతితో చదువు ఆపేశాను. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవే. అందువల్ల ఒక మంచి అలవాటు, ఒక చెడ్డ అలవాటు వచ్చాయి. ఏదైనా కంటపడితే లెక్కపెడతాను. లెక్క తేలకపోతే ఎవరో తప్పు చేశారని అనుకుంటాను.

అశ్వత్థన్న మా వీధి మగ్గాలకు అచ్చు అతికేవాడు. మగ్గం మీద పడుగు అయిపోవస్తే, కొత్త పడుగు పోగులను పాతవాటి కొసలకు ఒక్కొక్కటిగా మెలివేసి కలపాలి. నాలుగు వేలకు పైగా పోగులు. ఒకటి తప్పినా చీర మీద గీత పడుతుంది. ముప్పై ఏళ్ళు ఆ పని చేశాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. కాళ్ళు వాచి మగ్గం కింద గుంతలో కూర్చోలేని స్థితి వచ్చాక సొంతూరు పెనుకొండ వెళ్ళిపోయి, స్టేషనుకు దగ్గర్లో రేకుల గది ఒకటి అద్దెకు తీసుకున్నాడు. ఆ తర్వాత రెండేళ్ళు నేను ఆయన్ను తలచుకోలేదు. నిజం చెప్పాలంటే అంతే.

మార్చిలో ఒక ఉదయం ఫోను వచ్చింది.

"రామాంజీ, నేనప్పా, అశ్వత్థన్నని. నా కిడ్నీలు రెండూ పోయినాయంట. మిషను మీద పెట్టల్లంట. తోడు మనిషి సంతకం పెడితే గానీ పెట్టరంట."

ఆయన ఫోనులో పదకొండు నంబర్లు ఉండేవి. అన్నిటికీ చేశాడట. ఎత్తింది నేనొక్కణ్ణే. ఎందుకు వెళ్ళావని తర్వాత చాలామంది అడిగారు. ఫోను ఎత్తాను కాబట్టి వెళ్ళాను. ఇంతకంటే పెద్ద కారణం నా దగ్గర లేదు.

అప్పటినుంచి సోమవారం, గురువారం మా ప్రయాణం మొదలైంది. నేను ధర్మవరంలో ప్యాసింజరు ఎక్కుతాను. పెనుకొండలో ఆయన ఎక్కుతాడు. నేను కిటికీలోనుంచి చెయ్యి ఊపితే ఆ పెట్టెలోకి వస్తాడు. హిందూపురంలో దిగి ఆటోలో ఆసుపత్రికి. వైద్యం ప్రభుత్వ పథకం కింద ఉచితమే. అక్కడ వరండాలో రెండు పొడవాటి బెంచీలు ఉండేవి. ఒక్కోదాని మీద ఏడుగురు పడతారు, వచ్చే తోడు మనుషులు ఇరవైమందికి తక్కువ ఉండరు. మిగిలినవాళ్ళు చాపలు పరుచుకుంటారు. మడకశిర వైపునుంచి భర్తతో వచ్చే ఒకామె మొదటి రోజే తన చాప అంచు నా వైపు లాగి, "కూర్చోప్పా, నాలుగు గంటలు నిలబడితే నీకూ మిషను కావల్ల" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆమెకు నాతో ఏం పని ఉందా అని ఆలోచిస్తున్నాను.

లోపల ఒక సిస్టరు అశ్వత్థన్నకు, నాకు కలిపి జాగ్రత్తలు చెప్పింది. ఆయన తల ఊపాడు, నేను రాసుకున్నాను. రోజుకు ముప్పావు లీటరుకు మించి నీళ్ళు వద్దు. ఉప్పు ఒక చిన్న చెంచా. టెంకాయ నీళ్ళు, అరటిపండు, బత్తాయి ముట్టుకోకూడదు. కూరగాయలు కోసి, ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, తర్వాతే వండుకోవాలి. వాటిలో పొటాషియం అనేది ఉంటుందని, కిడ్నీలు పనిచేయనివాళ్ళకు అది ఒంట్లోనే నిలిచిపోయి గుండెను ఆపేస్తుందని చెప్పింది.

"నొప్పి రాదు, చెప్పి రాదు. కాళ్ళు చచ్చుబడినట్టు అవుతాయి, అంతే" అంది.

ఆ మాట నాకు నిద్రలో కూడా వినపడేది.

ఒక లీటరు బాటిలు కొని, మార్కరుతో ఐదు గీతలు గీసి ఇచ్చాను. ఒక్కో గీతకు నూట యాభై మిల్లీలీటర్లు. ఐదు గీతలు దాటకూడదు. మిషను ఎక్కే ముందు, దిగిన తర్వాత ఆయన బరువు నా పుస్తకంలో రాసుకునేవాణ్ణి. మూడో వారంలోనే లెక్క తప్పింది. గురువారం దిగినప్పుడు నలభై ఎనిమిది కిలోలు. సోమవారం ఎక్కేటప్పుడు యాభై రెండు.

"అన్నా, నాలుగు రోజుల్లో నాలుగు కిలోలు. యాడ తాగినావు?"

"తాగలేదప్పా. బాటిలు చూసినావు కదా, గీత దాటలేదు."

"మరి నాలుగు కిలోలు గాలా?"

"గాలేమో. మా పెనుకొండలో గాలి బాగుంటాది."

పక్క మంచం మీది మనిషి ట్యూబులు పెట్టుకునే నవ్వాడు. నేను ఊరుకోలేదు. మరుసటి వారం పెనుకొండలో దిగి ఆయన గదికి వెళ్ళి కుండ, బకెట్టు, చెంబు అన్నీ చూశాను. పక్క వాకిట్లో బోండాలు వేసి అమ్మే నాగరత్నమ్మ గరిటె చేతిలో పట్టుకుని నన్నే చూస్తోంది. యాభై ఏళ్ళుంటాయి. మనిషి బక్కగా ఉన్నా గొంతు పెద్దది.

"ఏం వెతుకుతాండావప్పా?"

"నీళ్ళు యాడ తాగుతాడో అని."

"స్నానం చేసేకి పోతాడు కదా, ఆడ. రెండు చెంబులు ఒంటి మీద, ఒక చెంబు లోపలికి."

అశ్వత్థన్న తల దించుకున్నాడు. అది నిజమే. ఆ రోజునుంచి ఆయన మాట దేన్నీ నేను నమ్మలేదు. నిజం చెప్పినందుకు నాగరత్నమ్మను మెచ్చుకోవలసింది. ఇంటికి వచ్చే రైల్లో మాత్రం, ఈమెకు ఇంత వివరంగా ఎలా తెలుసు, ఈ గది మీద ఈమెకు అంత చూపెందుకు అని ఆలోచించుకుంటూ వచ్చాను.

మే నెల వచ్చింది. రేకుల కింద ఆ గది పొయ్యి మాదిరి ఉండేది. దాహం ఆగడం లేదని ఆయన గొంతు పట్టుకుని చూపించేవాడు. ఉప్పు తగ్గిస్తే దాహం తగ్గుతుందని సిస్టరు చెప్పింది. ఆ నెల మొదటి వారంలో ఆయన వంట మూల మొత్తం నేనే సర్దాను. రాళ్ళుప్పు డబ్బా ఖాళీ చేశాను. ఊరగాయ జాడీ తీసేశాను. కూరగాయలు వార్చుకోవడానికి చిల్లుల గిన్నె కొనిచ్చాను. నాకు బీపీ ఉంది, మా ఇంట్లో సోడియం తక్కువ ఉండే సన్న ఉప్పు వాడతాం. పదిహేను శాతం తక్కువ అని పొట్లం ముందువైపే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అదే కిలో పొట్లం ఒకటి ఆయనకు తెచ్చి పెట్టాను.

"ఎట్లుంది అన్నా?" అని తర్వాతి సోమవారం అడిగాను.

"బాగుండాదప్పా" అన్నాడు. నేను ఏం తెచ్చినా ఆయన ఆ మాటే అనేవాడు.

జూన్ నెల పరీక్షలో పొటాషియం ఐదు పాయింట్ తొమ్మిది వచ్చింది. అంతకుముందు ఐదు దాటలేదు. డ్యూటీ డాక్టరమ్మ కాగితం నా చేతికిచ్చి, "ఏదో తింటున్నాడు, కనుక్కోండి" అంది. బరువు కూడా మళ్ళీ పెరుగుతోంది. ఇక నేను లెక్క మొదలుపెట్టాను. నీళ్ళు తాగితే బరువు పెరుగుతుంది, పొటాషియం పెరగదు. అరటిపండు తింటే పొటాషియం పెరుగుతుంది, బరువు అంతగా పెరగదు. రెండూ కలిసి పెరగాలంటే ఒకటే దారి. టెంకాయ నీళ్ళు.

ఆ అనుమానంతోనే ఆయన గది వెనక్కు వెళ్ళి చూస్తే గోడవారగా టెంకాయ బొండాల చిప్పలు ఉన్నాయి. తొమ్మిది. తర్వాతి సోమవారం చూస్తే పద్నాలుగు. నాగరత్నమ్మ తమ్ముడు హైవే పక్కన టెంకాయ బొండాల బండి పెట్టుకున్నాడని అప్పుడే తెలిసింది. నాకు ఇంకేం కావాలి?

ఇంకొకటి కూడా దొరికింది. ఆ నెల చివర్లో ఉప్పు పొట్లం ఖాళీ అయింది. కిలో ఉప్పు యాభై రోజులు. అంటే రోజుకు ఇరవై గ్రాములు. సిస్టరు చెప్పిన చిన్న చెంచా ఐదు గ్రాములు. ఒక్క మనిషి నాలుగింతలు ఎలా తింటాడు? అశ్వత్థన్నను అడిగితే, "ఏమోప్పా, అయిపోయింది" అన్నాడు. నాకు మాత్రం నాగరత్నమ్మ బోండాల పిండి గుర్తొచ్చింది. ఉప్పు తీసుకుంటోంది, బదులు టెంకాయ నీళ్ళు పోస్తోంది. ఇంత దూరం ఊహించాను. రెండో పొట్లం తెచ్చి పెట్టినప్పుడు ఎవరికీ ఇవ్వొద్దని గట్టిగా చెప్పాను.

ఇంట్లో పరిస్థితి కూడా బాగాలేదు. వారానికి రెండు రోజులు పని పోతోంది, మిగతా రోజుల్లో నా నోట ఇదే మాట. నా భార్య సుజాత ఒక రోజు కూరలో గరిటె ఆపి అడిగింది.

"నువ్వు ఆయప్పకు సాయం చేసేకి పోతాండావా, పోలీసు పని చేసేకి పోతాండావా?"

"ఎవరో ఆయన్ను చంపుతాండారు, నీకు అర్థం కావడంలేదు."

"నాకు ఆపరేషను అయినప్పుడు మూడు రోజులు ఆసుపత్రిలో ఉంటి. నువ్వు రోజుకు ఒక గంట కూర్చుంటివి. ఆ గంట కూడా గ్రాఫు చూసుకుంటాంటివి."

ఆమె చెప్పింది నిజమే. మరుసటి సోమవారం కూడా నేను రైలెక్కాను.

జులై పరీక్షలో ఆరు పాయింట్ నాలుగు. డాక్టరమ్మ ఈసారి నన్ను పక్కకు పిలిచింది. "ఏడు దాటితే మేం చేయగలిగింది తక్కువ. ఇంట్లో ఎవరు పెడుతున్నారు ఆయనకు?" అని అడిగింది.

"ఇంట్లో ఎవరూ లేరు మేడం. పక్కింట్లో ఒకామె ఉంది."

ఆ మాట అన్న తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఫిర్యాదు చేసినట్టే అన్నాను.

ఆ సాయంత్రం అశ్వత్థన్నను పెనుకొండలో దించి నేను కూడా దిగాను. నాగరత్నమ్మ బాండలి ముందు కూర్చుని ఉంది. ఇద్దరు ముగ్గురు బోండాలు తింటూ నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందే అడిగాను.

"ఈయప్పకు రోజూ ఏం పెడతాండావు?"

"పొద్దున రెండు ఇడ్లీ. ఎందుకప్పా?"

"టెంకాయ నీళ్ళు?"

"టెంకాయ నీళ్ళా? ఇచ్చేకి నాకేం పిచ్చా? తాగకూడదని నువ్వే కదా చెప్తివి."

"మరి వెనక పద్నాలుగు చిప్పలు ఎవరు తాగినవి?"

ఆమె ఒక్క క్షణం నా మొహం చూసి గరిటె పక్కన పెట్టింది. "లెక్కపెట్టినావా? చిప్పలు లెక్కపెట్టినావా? మా తమ్ముడు బండి కాడివి తెచ్చి ఎండబెడతాండా, పొయ్యిలోకి. చూడు, ఇప్పుడు మండుతాండేది ఏమి? నీ కండ్లు పొయ్యి దాకా పోవా?"

పొయ్యిలో చిప్పలే మండుతున్నాయి. చూశాను. అయినా వెనక్కి తగ్గలేదు. చిప్పలు పొయ్యిలోకైతే నీళ్ళు ఎవరికి పోయాయని అడిగాను. ఉప్పు మాట కూడా ఎత్తాను.

తింటున్నవాళ్ళు తినడం ఆపారు. నాగరత్నమ్మ లేచి నిలబడింది.

"ఏమప్పా, నేను ఉప్పు దొంగ మాదిరి కనపడతాండానా నీకు? మనిషిని చంపేదాని మాదిరి కనపడతాండానా? ఆయప్ప జ్వరంతో పడుంటే ఎవురు చూసినారు? నువ్వా? నువ్వు సోమవారం వచ్చి పుస్తకంలో రాసుకోని పోతావు. మంగళవారం ఎవురు చూస్తారు, బుధవారం ఎవురు చూస్తారు?"

"ఇకనుంచి నువ్వు ఆయనకు ఏమీ పెట్టొద్దు."

"పెట్టను. నీ లెక్కలే వండి పెట్టుకో" అంది.

అశ్వత్థన్న తన గడపలో నిలబడి అంతా విన్నాడు. ఒక్క మాట అనలేదు. ఇద్దరిలో ఎవరి వైపూ చూడలేదు. ఆయన మౌనాన్ని నేను ఒప్పుకోలు కింద జమకట్టుకుని రైలెక్కాను.

మర్నాటినుంచి ఇడ్లీలు రాలేదు. మూడు పూటలూ ఆయనే వండుకున్నాడు. నా చిల్లుల గిన్నెలో కూరగాయలు వార్చుకున్నాడు, నా బాటిలులో నీళ్ళు తాగాడు, నేను తెచ్చిన సరుకులే తిన్నాడు. ఇక బయటివాళ్ళ చెయ్యి పడలేదు. పొటాషియం దిగుతుందని ధైర్యంగా ఉన్నాను.

ఆగస్టు రెండో వారం, ఒక శనివారం ఉదయం గ్రాఫు గీస్తుంటే ఫోను మోగింది. అశ్వత్థన్న నంబరు, గొంతు నాగరత్నమ్మది.

"మీ అన్న కాళ్ళు లేవడంలేదు. చెయ్యి కూడా సరిగ్గా లేవడంలేదు. అంబులెన్సుకు చేసినా, వస్తాండాది. హిందూపురం తీసుకోని పోతాండా. నువ్వు ఆడికే రా."

నొప్పి రాదు, చెప్పి రాదు అన్న సిస్టరు మాట చెవిలో మోగింది. దొరికిన రైలెక్కాను. ఆ గంటన్నర ప్రయాణంలో దేవుణ్ణి తలచుకోలేదు. ఈ రెండు వారాల్లో ఆమె దొంగచాటుగా ఏం పెట్టి ఉంటుందా అని ఆలోచించాను. డాక్టరమ్మ ముందు ఏం చెప్పాలో మాటలు కూడా పేర్చుకున్నాను. అంతటి మనిషిని నేను.

వరండాలో ఆమె నేల మీద కూర్చుని ఉంది. కాళ్ళ మధ్య ఒక గోనెసంచి. ఉదయం కట్టుకున్న చీర మీద పిండి మరకలు అట్లాగే ఉన్నాయి. నన్ను చూసి లేవలేదు. లోపల అశ్వత్థన్నను అప్పటికే మిషను మీద పెట్టారు. ఛాతీ మీద వైర్లు ఉన్నాయి. తెర మీద గీత ఎగిరి పడుతోంది. గ్రాఫులు గీసే మనిషిని, ఆ గీత సమంగా లేదని తెలుసుకోవడానికి డాక్టరు అక్కర్లేదు.

పొటాషియం ఏడు దాటింది. గంట ఆలస్యమైనా మనిషి దక్కేవాడు కాదట.

రెండు గంటల తర్వాత గీత కాస్త కుదురుకుంది. డాక్టరమ్మ బయటికి వచ్చి మా ఇద్దర్నీ లోపలికి రమ్మంది. అశ్వత్థన్న కళ్ళు తెరిచే ఉన్నాడు.

"ఇంకోసారి ఇట్లా అయితే ఎక్కడికి తీసుకెళ్ళినా లాభం ఉండదు. ఏం తింటున్నాడో ఇప్పుడైనా చెప్పండి" అంది.

నేను నోరు తెరిచేలోపే నాగరత్నమ్మ గోనెసంచి తెచ్చి స్టూలు పక్కన గుమ్మరించింది.

"మేడం, ఆయప్ప గదిలో తినేది, తాగేది ఏమేముండాదో అంతా ఊడ్చుకోనొచ్చినా. నేను చంపుతాండానని ఈయప్ప అంటాండాడు. చూడండి. ఇందులో నేనిచ్చింది ఏమన్నా ఉంటే నన్ను పోలీసులకిచ్చేయండి."

బియ్యం సంచి, కందిబేడలు, రెండు బీరకాయలు, సగం నూనె సీసా, గీతల బాటిలు, టీ పొడి, ఉప్పు పొట్లం. డాక్టరమ్మ వంగి ఒక్కోటీ చూసింది. బేడలు పక్కన పెట్టింది. ఉప్పు పొట్లం తీసింది, వెనక్కి తిప్పింది, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివింది. ఇంకోసారి చదివింది.

"ఇది ఎప్పటినుంచి వాడుతున్నారు?"

అడుగుతూనే పొట్లం వెనకవైపును మా వైపు తిప్పి పట్టుకుంది.

"ఇందులో సోడియం తగ్గించి, ఆ తగ్గించిన చోట పొటాషియం కలుపుతారు. మామూలు బీపీ ఉన్నవాళ్ళకు మంచిదే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా వాడొద్దని ఇదిగో, ఇక్కడే రాసి ఉంది. రోజుకు ఎంత వేసుకుంటున్నావు పెద్దాయనా?"

"చప్పగా ఉంటాది మేడం" అన్నాడు అశ్వత్థన్న మెల్లగా. "అందుకని కొంచెం ఎక్కువే."

రోజుకు ఇరవై గ్రాములు. ఆ లెక్క ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. ఉప్పు ఎక్కువై దాహం, దాహంతో నీళ్ళు, నీళ్ళతో బరువు. ఉప్పులోనుంచే పొటాషియం. రెండూ కలిసి పెరగడానికి ఒకటే దారి అనుకున్నాను, నిజంగానే ఒకటే దారి. అది నా చేతినుంచి పోయిన దారి. నాగరత్నమ్మ ఇడ్లీల్లో మామూలు ఉప్పు ఉండేది. వాటిని నేను మాన్పించాక మూడు పూటలూ నా ఉప్పే తిన్నాడు.

గ్రాఫులో ఒక ఎర్ర పోగు తీసేస్తే, ఆ గడిలో ఏ రంగు పోగు రావాలో రాయకుండా నేను కాగితం ఎవరికీ ఇవ్వను. మగ్గం మీద ఖాళీ గడి అనేది ఉండదు. పొట్లం మీద పదిహేను శాతం తక్కువ అని చదివాను గానీ, ఆ పదిహేను చోట ఏం పెట్టారని ఒక్కసారి కూడా అడగలేదు.

"ఈ ఉప్పు ఎవరు తెచ్చారు?" అంది డాక్టరమ్మ.

నాగరత్నమ్మ నా వైపు తిరిగింది. ఆమెకు తెలుసు. నా నాలుక పైకి లేవలేదు. రెండు క్షణాలు, మూడు క్షణాలు. ఆ మూడు క్షణాలు నేను మరచిపోయేవి కావు.

"నేనే తెచ్చుకుంటి మేడం" అన్నాడు అశ్వత్థన్న. "అంగట్లో అడిగితే ఇచ్చినాడు. తెలీక తెచ్చుకుంటి."

నీళ్ళ విషయంలో ఆయన అబద్ధమాడినప్పుడు పట్టుకోవడానికి నాకు నాలుగు వారాలు పట్టింది. ఈ అబద్ధం నా కళ్ళ ముందే ఆడుతున్నాడు.

"కాదు మేడం" అన్నాను. "నేనే తెచ్చిచ్చినాను. రెండు పొట్లాలు. ఈయనకు ఏం తెలీదు, ఈమెకూ తెలీదు."

డాక్టరమ్మ నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పొట్లం చెత్తబుట్టలో వేసి, "చాలామంది చేస్తారు. బయట వరండాలో ఉన్నవాళ్ళకు కూడా ఈ సంగతి చెప్పండి" అని వెళ్ళిపోయింది. ఆ రోజే బయటికి వెళ్ళి ఆ ఇరవైమందికీ చెప్పాను. మడకశిర ఆమె ఇంటికి ఫోను చేసి కోడలితో పొట్లం వెనక చదివించింది. వాళ్ళది మామూలు ఉప్పే. ఇంకొకాయన మాత్రం చాప మీదనుంచి లేచి నిలబడి, "మా ఇంట్లో అదే ఉండాది" అన్నాడు. అందుకే ఇది రాయాలనిపించింది.

నాగరత్నమ్మ దగ్గరికి వెళ్ళి ఏం అనాలో తెలియక, "తప్పు నాదే నాగరత్నమ్మా" అన్నాను. ఖాళీ గోనెసంచి మడతపెడుతూ నా మొహం చూడలేదు.

"నా బాండలి కాడ, పదిమంది ముందర అంటివి. ఈడ ఎవురూ లేనప్పుడు చెప్తే ఎట్లప్పా? ఆడికొచ్చి చెప్పు."

నాలుగు రోజుల తర్వాత ఆమె బోండాలు వేసే వేళకు వెళ్ళాను. నలుగురు నిలబడి తింటున్నారు. వాళ్ళకు వినపడేటట్టే చెప్పాను. ఆమె అంతా విని, "సరే. ఊరికే నిలబడకుండా, వెనక చిప్పలున్నాయి, మోసుకోనిరా. ఎన్నో నీకు తెలుసు కదా" అంది. తింటున్నవాళ్ళు నవ్వారు. నేను మోశాను. మర్నాటినుంచి ఇడ్లీలు మళ్ళీ వచ్చాయి.

అశ్వత్థన్నతో మాట్లాడటమే కష్టమైంది. ఆసుపత్రిలో ఉన్న మూడు రోజుల్లో నేను ఆయన మంచం పక్క కూర్చుని అడిగాను.

"ఆ ఉప్పు చప్పగా ఉందని నాకెందుకు చెప్పలేదన్నా?"

"నువ్వు తెచ్చిన వస్తువు కదా."

"నేను నాగరత్నమ్మను అంటాంటే నోరు తెరవకపోతివి. డాక్టరమ్మ అడిగితే అబద్ధం చెప్తివి. ఎందుకు?"

దిండు సర్దుకుని, గోడవైపు తిరిగి చెప్పాడు.

"ఆయమ్మ పక్కింట్లో ఉండాది, కోపమొచ్చినా యాడికీ పోదు. నీకు కోపమొస్తే పెనుకొండలో రైలు కిటికీలోనుంచి చెయ్యి ఊపేవాడు ఉండడు. అది చూసుకోని మాట్లాడల్ల కదప్పా నేను."

పదకొండు నంబర్లకు చేస్తే ఒక్కరే ఎత్తిన మనిషి లెక్క అది. నేను ఆయన బరువు రాశాను, నీళ్ళు రాశాను, పక్కింటి చిప్పలు రాశాను. ఆయన నన్ను చూసి భయపడుతున్నాడన్నది నా పుస్తకంలో ఎక్కడా లేదు. ఏం తెచ్చినా బాగుంది, ఏం అడిగినా లేదు, తెలీదు. జబ్బు మనిషి దాస్తున్నాడనుకుని నేను గట్టిగా అడిగేకొద్దీ ఆయన ఇంకా దాచాడు.

ఆ రోజు ఇంటికి వెళ్ళి సుజాతకు జరిగిందంతా చెప్పాను. ఆమె చివరిదాకా విని, "వాళ్ళకైనా చెప్తివి, తప్పు నాదే అని" అంది. ఆమె ఆపరేషను నాటి సంగతి అప్పుడు మాట్లాడుకున్నాం. అది ఇక్కడ రాయను.

సెప్టెంబరు పరీక్షలో నాలుగు పాయింట్ ఎనిమిది వచ్చింది. డాక్టరమ్మ కాగితం మీద టిక్కు పెట్టి పక్కన పెట్టేసింది. ఇప్పుడు నేను ఆయన్ను తక్కువ అడుగుతాను. పూర్తిగా మానేశానని చెప్పను. పుస్తకం ఇంకా ఉంది. అనుమానం కూడా ఉంది, అది నా పుట్టుకలోనే ఉన్నట్టుంది.

పోయిన గురువారం సంగతి చెప్పి ముగిస్తాను. మిషను మీద ఉన్నప్పుడు ఆయనకు చలి పుడుతుంది. అందుకని ధర్మవరంలో ఒక కొత్త దుప్పటి కొని తీసుకెళ్ళాను. పెనుకొండలో రైలెక్కగానే ఆయన చేతికిచ్చాను. మడత విప్పి భుజం మీద వేసుకున్నాడు. మెడ అటూ ఇటూ తిప్పాడు. తీసేసి నా ఒళ్ళో పెట్టాడు.

"ఏం దుప్పటప్పా ఇది? గోనెసంచి మాదిరి గీరుకుంటాండాది. నాకు వద్దు. ఇచ్చేసి వేరేది తేపో."

పెట్టెలో నలుగురూ తిరిగి చూశారు. ఆరు నెలల్లో నేను తెచ్చిన దాన్ని ఆయన బాగాలేదనడం అదే మొదటిసారి. దుప్పటి మడిచి సంచిలో పెట్టుకున్నాను.

"ఇంకేమేం బాగాలేవో చెప్పన్నా" అన్నాను.

హిందూపురం వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు.